ఉప్పు మేసే చేపలు

నెల సరుకులకని మొన్న కర్నూల్లో ఒక పెద్ద దుకాణానికి పోతే, అక్కడ ఎండు నెత్తళ్ళు పొట్లాల్లో పెట్టి అమ్ముతున్నారు. తళతళా మెరిసే కవరు, దాని మీద ఒక అల బొమ్మ. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, ఏ వాసనా లేదు. కింద చిన్న అక్షరాల్లో ‘తల, పొట్ట తీసి శుభ్రం చేసినవి’ అని రాశారు, అదేదో గొప్ప ఉపకారమైనట్టు. నాకు ఒళ్ళు మండింది. పొట్ట తీసేశాక ఇక ఆ చేపలో చూడ్డానికి ఏముంది? అది ఏం తిని బతికిందో, ఆఖరి పూట కడుపు నిండా తిన్నదో పస్తున్నదో ఎవరికి తెలుస్తుంది? పొట్లం ఉన్నచోటే పెట్టి వచ్చేశాను. నా కోపం ఆ పొట్లం మీద కాదని నాకు తెలుసు.

నా చిన్నతనం ఆలూరు వైపు ఒక పల్లెలో, మా అవ్వ దగ్గర గడిచింది. అవ్వంటే అమ్మ వాళ్ళమ్మ. వరసగా రెండేళ్ళు వాన ముఖం చూడకపోయేసరికి అమ్మా నాయనా మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి పోయారు. మా మామ, అంటే అవ్వ కొడుకు, వాళ్ళకంటే ముందే అక్కడికి పోయి లారీ తోలుతున్నాడు. ఇంట్లో మిగిలింది అవ్వా, నేనూ, ఒక పిల్లీ. నాకప్పుడు పదేళ్ళో పదకొండో. అమ్మ మీద బెంగ లేదని అనను గానీ, అవ్వ మొత్తంగా నా ఒక్కదానిదే కావడం నాకు బాగా నచ్చింది.

అవ్వ ఎండుచేపలు అమ్మేది. సంత రోజు ఆలూరికి పోయి, సముద్రం వైపు నుంచి వచ్చే వ్యాపారి దగ్గర గంపెడు చేపలు తెచ్చేది. నేను వెంట పోయేదాన్ని. బొరుగులతో చేసే ఉగ్గానీ, రెండు మిరపకాయ బజ్జీలూ నాకు కూలి. మర్నాటి నుంచి గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల నాలుగు పల్లెలు తిరిగేది. దుడ్లు ఇచ్చేవాళ్ళు తక్కువ. జొన్నలో, కొర్రలో, శనక్కాయలో చేటతో తెచ్చి ఆమె ఒడిలో పోసేవాళ్ళు. ఇంటికి, దుప్పట్లకు, నా పుస్తకాలకు కూడా చేపల వాసనే. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. మధ్యాహ్నమైతే వాళ్ళే వచ్చి, మీ ఇంట్లో కాల్చిన చేప ఉంటే ఒక ముక్క తెస్తావా అని బతిమాలేవాళ్ళు. నేనిచ్చేదాన్ని కాదు. అవ్వకు సంబంధించినది ఏదీ పంచడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

ఇన్ని చేపలు అమ్మి కూడా అవ్వ సముద్రం చూడలేదు. అవ్వే కాదు, మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. మా వైపు నీళ్ళంటే బావిలో అడుగున కనిపించేవి, లేదా ఏడాదికి రెండు రోజులు వంకలో పారేవి. అయినా సముద్రం గురించి ఏ సందేహం వచ్చినా జనం అవ్వనే అడిగేవాళ్ళు. అవ్వ కూడా వెనకాడకుండా చెప్పేది. చేపల పేర్లన్నీ ఆమె పెట్టినవే. పొడుగ్గా, వెండిలా, నడుముకు కట్టుకునేట్టు ఉండేది నాడా చేప. నోరు పెద్దదైతే గయ్యాళి చేప. నెత్తళ్ళు, సొర, ఈ రెండింటి అసలు పేర్లే మాకు తెలుసు.

సాయంత్రం వంటకు చేపలు శుభ్రం చేసేటప్పుడు మా ఇద్దరికీ ఒక ఆట ఉండేది. పొట్ట కోసి లోపల ఏముందో చూడటం. చిన్న చేపలను పేగులు తీయకుండానే ఎండబెడతారు కాబట్టి అది ఆఖరిసారి మింగినది లోపల అలాగే ఎండిపోయి ఉండేది. నాడా చేప పొట్టలో ఒకసారి మూడు నెత్తళ్ళు వరసగా దొరికాయి. గయ్యాళి చేప పొట్టలో రొయ్య మీసాలు, ఎండ్రకాయ కాలు, పలుకులైన ఆలిచిప్ప.

“ఇది కడుపు నిండా తిని పోయినాది సూడు పాపా. పుణ్యం చేసుకున్నాది,” అనేది అవ్వ.

ఖాళీగా ఉంటే మాత్రం ఆమె మొహం చిన్నబోయేది. “పస్తుతోనే దొరికిపోయినట్టుండాది పాపం. దీన్ని మనం తినొద్దు, పిల్లికెయ్యి,” అనేది.

నేను ఈ దొరికినవన్నీ దాచి, వంటింటి గోడకు తుమ్మజిగురుతో అంటించడం మొదలుపెట్టాను. పైన సొర ముక్క, దాని కింద నాడా చేప తల, దాని కింద నెత్తళ్ళు, పక్కన రొయ్య మీసం, ఎండ్రకాయ కాలు. ఏది దేన్ని తింటుందో బొగ్గుతో గీతలు గీశాను. చీమలు బారుగా వచ్చి నా పటాన్ని కింది నుంచి తినుకుంటూ పోయేవి, నేను మళ్ళీ అంటించేదాన్ని. అన్నిటికంటే కింద మాత్రం ఒక ఉప్పుగల్లు పెట్టాను. ఎందుకంటే పెద్ద చేప ఏది తెచ్చినా దాని కడుపులో గుప్పెడు ఉప్పు ఉండేది. నెత్తళ్ళ పొట్టలో ఏమీ కనిపించదు గానీ నాకి చూస్తే ఉప్పే. కాబట్టి చిన్నవి ఉప్పు మేస్తాయి, వాటిని పెద్దవి తింటాయి, పెద్దవాటికి చేప దొరకని రోజున అవీ ఉప్పే మేస్తాయి. ఇది నేను కనిపెట్టిన సంగతి. అవ్వ గోడ ముందు నిలబడి చాలాసేపు చూసి, తల ఊపి, ఒప్పుకుంది.

ఆ తర్వాత నాలుగు పల్లెల్లోనూ అదే చెప్పింది. “అన్ని చేపలుండాయి కదవ్వా, వాటికి తిండి యాడిది?” అని ఎవరైనా అడిగితే, “ఉప్పు మేస్తాయప్పా, మన గొడ్లు గడ్డి మేసినట్ల. అందుకే కదా ఇంత ఉప్పగుండేది,” అనేది. వాళ్ళు నిజమే అనుకుని, సముద్రం మీద జాలిపడి, ఇంకో దోసెడు జొన్నలు పోసేవాళ్ళు. మా ఇంటి నుంచి పుట్టిన విద్య ఊరూరా పోతోందని నేను మెడ నిక్కించుకుని తిరిగేదాన్ని.

అట్లాంటి రోజుల్లో మామ పెళ్ళి చేసుకుని పెళ్ళాంతో దిగాడు. ముగ్గురాయి లారీ హార్బరుకు తోలే దారిలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చేపల పల్లెలో ఆమెను చూశాడట. ఆమె తల్లి చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి. మామ నాలుగు రోజులుండి లారీకి వెళ్ళిపోయాడు, ఆమె మా దగ్గర ఉండిపోయింది. నాకు అత్త. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. నల్లగా, పొడుగ్గా, నడిస్తే చప్పుడు కాకుండా ఉండేది. మా ఇంటి వాసనకు ఆమె ముక్కు మూసుకోలేదు. గుమ్మంలో నిలబడి ఒకసారి గట్టిగా పీల్చి, “మా ఇల్లే అనిపిస్తా ఉండాది,” అంది. అవ్వ అప్పుడే కరిగిపోయింది. నేను మాత్రం ఆ మాట విని పిల్లిని ఒళ్ళోకి లాక్కున్నాను.

మూడో రోజు ఆమె నా గోడ చూసింది.

“ఏంది పాపా ఇది?”

“సముద్రంలో ఏది దేన్ని తింటాదో రాసినా.”

“బాగుండాదే. మరి ఈ ఉప్పేంది?”

“అన్నిటికీ అదే తిండి. పొట్టలో ఉంటాది, నువ్వు సూడలేదా?”

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆ ఉప్పు మేం కూరిందే పాపా. కుళ్ళిపోకుండా మా అమ్మ గుప్పిళ్ళతో కూరుద్ది. చేపలు ఉప్పు మేసేదేంది?” అని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు, ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం నా చెవులు వేడెక్కిపోయాయి. అవ్వ నా పక్షాన రెండు మాటలు అంటుందని ఆమె వైపు చూశాను. అవ్వ గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుతోంది. “ఎంతమందికి చెప్పినానో, ఎంతమంది నమ్మినారో,” అంటూ మళ్ళీ నవ్వుతోంది. నేను పెరట్లోకి పోయి, దిబ్బ మీద కూర్చుని, పిలిచినా రాలేదు. చాలాసేపు పిలవనూ లేదు.

ఆ సాయంత్రం నుంచి అవ్వకు ఇంకో పని లేకుండా పోయింది. పొయ్యి దగ్గర నేను కూర్చునే పీట మీద అత్తను కూర్చోబెట్టి, సముద్రం గురించి అడగటమే పని. అత్త చేతులు తిప్పుతూ చెప్పేది.

“అల వచ్చి ఎనక్కి పోయేటప్పుడు ఇసకలో నుంచి గోరంత చిప్పలు గుంపుగా పైకి లేస్తాయి అత్తమ్మా. నీళ్ళల్లో కంటికి కనపడని నలుసులు ఉంటాయి, వాటిని పీల్చుకోని మళ్ళీ ఇసకలోకి దూరిపోతాయి. ఆడనే ఉసిరికాయంత పీతలుంటాయి. ఒళ్ళంతా ఇసకలో దాచుకోని మీసాలొక్కటే పైకి పెడతాయి. ఆ మీసాలకు తగులుకునిందే వాటికి కూడు.”

“మరి వాటిని?”

“వాటికోసం చేపలు మోకాటిలోతు నీళ్ళ దాకా వస్తాయి. పీతల్ని కాకులు కూడా ఎత్తకపోతాయి. ఆ చేపల్ని ఇంకా పెద్ద చేపలు, వాటిని సొర.”

“సొరను?”

“సొరకు ఎదురేముంది? అది సచ్చి ఒడ్డుకు కొట్టకొస్తే మళ్ళీ ఆ పీతలే వచ్చి తింటాయి.”

అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, “అయితే ఎంత పెద్దదైనా కడాకు చిన్నదాని నోట్లోకే పోవాల్సిందే,” అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోయేది. నా వైపు చూసి ఆమె అట్లా ఎప్పుడూ వెలగలేదు. అత్త నా గోడ మీద ఉప్పుగల్లు తీసేసి, అక్కడ సుద్దతో సన్నటి చుక్కలు పెట్టింది, నీళ్ళలో నలుసులని. నాడా చేపకు అసలు పేరు కూడా చెప్పింది. ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

ఇక నేను చేసిన ఆగడాలు చెప్పాలి. ఆమె దువ్వెన దాచాను. ఆమె జాకెట్టు ఆరేస్తే పిల్లిని దాని మీద పడుకోబెట్టాను. రొట్టెలోకి ఉల్లికారం నూరితే, ఆమె వంతులో పిడికెడు ఉప్పు కలిపాను. ఆమె ఒక ముద్ద తిని, చెంబెడు నీళ్ళు తాగి, “ఈడ బావి నీళ్ళే ఉప్పగుండాయనుకున్యా, కారం కూడానా,” అని మిగతాది కూడా తినేసింది. జొన్నరొట్టె తట్టడం రాక చేతులు కాల్చుకుంటే నేను ఆనందపడ్డాను. అవ్వ ఆ చేతులకు వెన్న రాస్తుంటే, పోయి నా వేలు కూడా పొయ్యిలో పెడదామా అనిపించింది. ఒకరోజు అవ్వ చేపల గంప ముందేసుకుని, పొట్ట కోసి, “ఏమ్మా, ఇది ఏం తినిందో చెప్పు,” అని అత్తకు చూపించింది. అది మా ఇద్దరి ఆట. నన్ను పిలవాలన్న తలంపే ఆమెకు రాలేదు. ఆ రోజు నేను అన్నం తినలేదు, తినలేదని ఎవరూ గమనించకుండా చూసుకున్నాను, గమనించలేదని మళ్ళీ ఏడ్చాను.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి కదా. మామ కబురు పంపాడు: గుంతకల్లులో రైలెక్కి మంగంపేటకు వస్తే, అక్కడి నుంచి లారీలోనే సముద్రపు ఒడ్డుకు తీసుకుపోతానని. లారీలో క్లీనరు పోగా ఇద్దరికే చోటు. అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అత్తమ్మా, మీరు రావాల. నాలుగు రోజులుండి ఆయనతోనే తిరిగొద్దురు. పాపను పక్కింటోళ్ళు చూసుకుంటారు,” అంది.

అవ్వ వద్దనలేదు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప తొక్కకూడదన్న మాట కూడా ఎత్తలేదు. ఏ పెళ్ళికి పిలిచినా పది సాకులు చెప్పే మనిషి. పెట్టెలో నుంచి నేరేడుపండు రంగు చీర తీసి ఎండలో వేసింది. వియ్యపురాలికని శనక్కాయలు, జొన్నపిండి మూట కట్టింది. ఆ కాపులో ఆఖరివని ఎవరి చేతో బనగానపల్లె మామిడిపండ్లు తెప్పించి, గడ్డిలో పేర్చింది. లారీ మెట్టు ఎత్తుగా ఉంటుందని విని, పక్కింటి ఎద్దులబండి చక్రం మీద కాలు పెట్టి రోజూ పొద్దున ఎక్కి దిగేది. ఆడవాళ్ళు చూసి ఎగతాళి చేస్తే, “నా చేపల పుట్టింటికి పోతాండా, నవ్వుకోండి,” అనేది. పండ్ల వాసనతో ఇల్లంతా నిండిపోయింది. ఆ ఏర్పాట్లు జరిగినన్నాళ్ళూ వాళ్ళిద్దరూ సముద్రం ముందు పక్కపక్కన నిలబడి ఉండే బొమ్మ నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నాకు సముద్రం మీద ఆశ లేదు, నిజం. అవ్వ మొదటిసారి సముద్రం చూసేటప్పుడు పక్కన అత్త ఉండటం నేను ఓర్వలేకపోయాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, అవ్వ పెరట్లో గంప అల్లిక సరిచేస్తోంది. అత్త బావికి పోయింది. నేను పోయి అవ్వ ఎదురుగా కూర్చున్నాను.

“అవ్వా, ఒక మాట చెప్తే అత్తకు చెప్పవు కదా?”

“ఏమే?”

“నిన్న బావి కాడ అత్త అంటాండె. నువ్వు పోతే వాళ్ళూరోళ్ళంతా నవ్వడానికి కాసుకోనుండారంట. సముద్రం సూడకుండానే చేపలు ఉప్పు మేస్తాయని ఊరూరా అమ్ముకున్న ముసిల్ది వస్తాండాదని చెప్పి పంపించిందంట.”

ఇంత పొందిగ్గా అబద్ధం ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. అత్త ఆ రోజు నవ్విన నవ్వు నిజం కాబట్టి, మిగతాది దాని మీద నిలబడిపోయింది. అవ్వ చేతులు ఆగలేదు. ఒక పుల్ల తీసి, నీళ్ళలో తడిపి, అల్లికలో దూర్చింది. “అట్లనిందా,” అంది. ఇంకో పుల్ల తడుపుతూ, “నవ్వేదే కదా, నవ్వనీలే,” అంది. నన్ను చూడలేదు. మర్నాడు బండి చక్రం ఎక్కలేదు.

బయలుదేరే రోజు పొద్దున నేరేడు రంగు చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది. “నాకు మోకాలు లేస్తాండ్లేదమ్మా. పాపను తీస్కపో,” అని అవ్వ అత్తతో అంది. అత్త బతిమాలింది, కాళ్ళు నొక్కుతానంది, రైలు పెట్టె దాకా మోసుకుపోతానంది. అవ్వ నవ్వుతూనే వద్దంది. కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు నవ్వే నవ్వు అది. మూటలు, పండ్ల గంప మాత్రం అన్నీ జాగ్రత్తగా ఎత్తి ఇచ్చింది. ఒక్క పండు కూడా వెనక్కి తీసుకోలేదు.

అట్లా అవ్వ సీట్లో నేను కూర్చుని సముద్రం చూడ్డానికి పోయాను. మంగంపేటలో ఒక పూట ఆగాం. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె తలకంతా ముగ్గురాయి దుమ్ము. తర్వాత లారీ. మామ దారంతా పాటలు పాడాడు, అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “అత్తమ్మకు నా మీద ఏమన్నా కష్టమయిందా పాపా?” అని ఒకసారి అడిగింది. నాకు తెలియదన్నాను.

వాళ్ళ పల్లెలో ఇంటి ముందు ఈత చాప కొత్తది పరిచి ఉంది. అత్త తల్లి ఎదురొచ్చి, లారీలో నుంచి నేను దిగగానే నా వెనక్కి చూసింది, ఇంకా ఎవరో దిగాలన్నట్టు. రాలేదని తెలిశాక ఆమె ముఖం వాడిపోయింది. అయినా నన్నే ఆ చాప మీద కూర్చోబెట్టింది. ముళ్ళన్నీ ఏరి, మెత్తగా చిదిపి వండిన చేప పెట్టింది. “మీ అవ్వకు పళ్ళు లేవని అమ్మాయి చెప్పి పంపింది. అందుకని ఇట్లా చేశా. నువ్వు తిను తల్లీ,” అంది. ఆ కూర ఎంతో బాగుంది. పళ్ళున్న నోటితో నేను మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

నవ్వడానికి ఎవరూ కాసుకుని లేరు. పది పన్నెండు మంది ఆడవాళ్ళు పని ఆపుకుని వచ్చారు, అవ్వను చూద్దామని. వాళ్ళలో ఒక ముసలామె, ఉప్పుకు చేతివేళ్ళ చివర్లు తెల్లగా పగిలిపోయిన మనిషి, నా ముందు కూర్చుని అడిగింది. “యాభై ఏండ్లుగా చేపలు ఎండబెట్టి లారీ ఎక్కిస్తా ఉండాం. ఆ పక్క అవి ఎవరి కడుపులోకి పోతాయో మాకు తెలవదు. మీ అవ్వ వస్తే అడుగుదామనుకున్నాం. ఆడ ఎవరు తింటారు పాపా, దేంతో తింటారు?”

నేను చెప్పాను. పొద్దున్నే సేద్యానికి పోయేవాళ్ళు జొన్నరొట్టెలో కాల్చిన చేప పెట్టుకుని పోతారని, వంకాయతో పులుసు పెడతారని, బాలింతకు నెత్తళ్ళ కారం పెడతారని, నాలుగు పల్లెల్లో ఏ ఇంట్లో ఏ చేప ఇష్టమో అవ్వకు తెలుసని. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముసలామె, “సేద్యగాళ్ళా తినేది,” అని రెండుసార్లు అంది. అవ్వ కూర్చోవాల్సిన చోట కూర్చుని, అవ్వ చెప్పాల్సిన మాటలు చెప్పి, మెప్పు నేను పొందాను. అప్పుడు నాకు సంతోషంగానే ఉంది. అది కూడా దాచను.

సాయంత్రం అత్త నన్ను అలల దగ్గరికి తీసుకుపోయింది. అల వెనక్కి పోతుంటే, ఆమె చెప్పినట్టే, గోరంత చిప్పలు వేలకొద్దీ నిలువుగా లేచి, నేను వంగేలోపల ఇసకలోకి దూరిపోయాయి. ఆమె నా చేయి పట్టుకుని తడి ఇసకలో పెట్టించింది. అరచేతి కింద ఏదో తవ్వుకుంటూ పోతున్న కితకిత. ఇంకాస్త లోతులో సన్నటి చేపల గుంపు ఒకటి ఇసక తడుముతూ తిరుగుతోంది. “చూసినావా, ఉప్పు కాదు,” అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆమె మీద నాకున్న కక్ష ఆ క్షణాన కొంచెం కదిలింది. సరిగ్గా అప్పుడే ఆమె, “అత్తమ్మ వచ్చుంటే ఈడనే కూర్చోబెట్టి చూపించాలనుకున్యా,” అంది. నా కక్ష మళ్ళీ బిగుసుకుపోయింది.

మామతో తిరిగొచ్చాను. అవ్వ నా తల దువ్వుతూ అడిగింది. “చూసినావా?”

“చూసినా.”

“పెద్దదేనా?”

“శానా పెద్దది.”

దువ్వెన ఆగింది. “వాళ్ళు నవ్విరా?”

చాప గురించి చెప్పొచ్చు. ముళ్ళు తీసిన చేప గురించి చెప్పొచ్చు. ఆ ముసలామె అడిగింది చెప్పొచ్చు. అన్నీ నోటి దాకా వచ్చాయి. చెబితే అవ్వ రేపే రైలెక్కి పోతుంది, అత్త దగ్గరికి.

“కొంచెం నవ్వినారు,” అన్నాను.

అవ్వ మళ్ళీ దువ్వింది. జడ ఎప్పటికంటే గట్టిగా అల్లింది.

ఆషాఢం పోయి అత్త తిరిగొచ్చింది. అవ్వ ఆమెను ఒక్క మాట అనలేదు. వేళకు అన్నం పెట్టింది, జ్వరమొస్తే కషాయం కాచింది. సముద్రం గురించి మాత్రం అడగలేదు. అత్త ఒకటి రెండుసార్లు తానే ఎత్తుకుంది. అవ్వ, “అట్లనా,” అని లేచిపోయింది. ఉగాదికి గోడలకు సున్నం కొట్టించారు, నా పటం కనబడకుండా పోయింది. అంతా నేను కోరుకున్నట్టే జరిగింది గానీ, నా పీట నాకు తిరిగి వచ్చాక అవ్వ చేప పొట్ట కోసి ఏముందో చూడటం మానేసింది. ఒకే కోతతో పేగులు తీసి పిల్లికేసేది. ఒకసారి నేను, “ఏముండాదవ్వా?” అని అడిగితే, “ఏముంటాది, ఉప్పు,” అంది.

అవ్వ ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికింది. నాకు పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. నేరేడు రంగు చీర పెట్టెలోనే చిరిగింది. అవ్వ పెద్దకర్మ రోజు, అందరూ తిని వెళ్ళాక, పెరట్లో అత్తా నేనూ గంగాళాలు తోముతున్నాం. అప్పటికి ఆమె మాట కూడా మా మాటలాగే అయిపోయింది.

“పాపా, ఆ పొద్దు అత్తమ్మ మా ఊరికి ఎందుకు రాలేదో నీకేమన్నా తెలుసా? మోకాళ్ళ నొప్పంటే నేను నమ్మలేదు. మా ఇంట్లో కూడు తినేదానికి నామోషీ అనుకునిందేమోనని అప్పటి నుంచి నేను కూడా ఆమె దగ్గరికి పోలేకపోయినా,” అంది.

చెప్పేశాను. బావి కాడిదని నేను కల్పించిన మాట, అవ్వ తల దువ్వుతూ అడిగినప్పుడు చెప్పిన మాట, రెండూ చెప్పాను. ఆమె గంగాళం మీద చింతపండు పిప్పి అట్లాగే పట్టుకుని ఉండిపోయింది.

“నాకు చెప్పకుండా ఉన్నా బాగుండు. ఇన్నేండ్లు ఆమె మీద కోపం పెట్టుకోనే ఆమెకు అన్నం పెట్టినా. ఇప్పుడు ఆ కోపం యాడ పెట్టుకోవాల?”

“నా మీద పెట్టుకో అత్తా.”

“పదేండ్ల పిల్ల మీద ఎట్ల పెట్టుకునేది?” అని, మళ్ళీ తోమడం మొదలుపెట్టి, “ఇరవై దాటినాక కూడా ఎందుకు చెప్పలేదు పాపా?” అంది.

నేను ఆమె గంగాళంలో నీళ్ళు పోశాను. వాళ్ళిద్దరూ కలవనంత కాలం అవ్వ నాకే ఉండింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

అత్త నాతో మాట మానలేదు. పోతే అన్నం పెడుతుంది, బిడ్డల గురించి అడుగుతుంది. అవ్వ ప్రస్తావన వస్తే మాత్రం మాట మారుస్తుంది. అవ్వకు ఫోటో అంటూ లేకపోతే ఓటు కార్డులో బొమ్మను పెద్దది చేయించి, పటం కట్టించి పెట్టుకుంది. పోయినేడు వాళ్ళింటికి పోయినప్పుడు, మామ బయట అరుగు మీదే నన్ను ఆపాడు. ముసలివాడైపోయాడు, చెవులు సరిగా వినపడవు. “లోపలికి ఇప్పుడే పోవద్దు. మీ అత్త మీ అవ్వతో మాట్లాడతాండాది,” అన్నాడు, వంట చేస్తోందన్నంత మామూలుగా. రోజూ పొద్దున అంతేనట.

వాకిలి పక్కన నిలబడి విన్నాను. పటం ముందు చాపేసుకుని కూర్చుని, చేతులు తిప్పుతూ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప దగ్గరికి పీతలు ఏ పక్క నుంచి వస్తాయో చెబుతోంది. మధ్యలో ఆగుతోంది, అవతలి నుంచి ఏదో ప్రశ్న వచ్చినట్టు. తల ఊపి, దానికి జవాబు చెప్పి, నవ్వుతోంది. చాప మీద ఇంకొకరు కూర్చునేంత చోటు ఉంది. నేను లోపలికి పోలేదు. ఇన్నేళ్ళకు వాళ్ళిద్దరూ ఒకచోట కూర్చున్నారు, మధ్యలో నేను లేను. నాకు ఏడుపు రాలేదు. చిన్నప్పటిలాగే, అంతే వేడిగా, అసూయ వేసింది.